మునిగిన యోడల చెంతకు

దుర్యోధనుడు ద్వైపాయన హ్రదమున జలస్తంభనవిద్యచే దాగిన కథ మీలో నెఱుగనివారుండరు. అట్టి విద్య నిప్పుడు రుసుమిచ్చి నేర్చుకొనవచ్చును, స్త్రీలును నేర్చుచున్నారు. శీతల దేశములలో నాడువారును మగవారును వేకువనే బాడుగపడవ నెక్కి పోయి, కడలి యడుగున బడియున్న యోడలను జూచి, దీపములవేళకు గృహములు చేరుచున్నారు.

స్కాట్లండునకు ఉత్తరమున ఆర్క్నీ దీవులు కలవు. వాని నడుమ స్కాపా ఫ్లో యను విశాలమైన రేవున్నది. మొదటి ప్రపంచయుద్ధము నిలిచిన పిమ్మట, 1918 నవంబరు మొదలుకొని, జర్మనుల యుద్ధనౌకలు 74 టిని దెచ్చి యచట నిర్బంధించిరి. తమ నౌకలు శత్రువుల పాలగునని శంకించి, 1919 జూను 21 వ తేదీని నౌకాధిపతి ఫాన్ రాయిటరు సంకేతమీయగా, నావికులు యోడల యడుగు కవాటములను దామే తెఱచి ముంచివైచిరి. నాడు 52 నౌకలు మునిగినవి. ఆ దినముననే స్ట్రామ్‌నెస్ పట్టణపు బడిపిల్లలను ఫ్లయింగ్ కెస్ట్రెల్ అను పడవలో, నౌకలను జూపుటకై వినోదయాత్రగా గొనిపోయియుండిరి. పిల్లల కన్నులయెదుటనే యోడ లొరగి మునిగినవట! బడిపంతులుగారి యింట కాపురముండు మాకు, వెంటబోయిన పెద్దల యవస్థయే మొదట దలపునకు వచ్చినది.

తరువాత చాల నౌకలను పైకి దీసి యినుమునకు విక్రయించిరి. పెద్దవి యేడు మిగిలినవి. 2001 నుండి వానిని రక్షిత స్థలములుగా నెంచుచున్నారు. కన్నులార చూచి రావచ్చునే గాని మేకునైన దీసికొనరాదు.

మా యక్కయ్య కుమార్తె స్కాట్లండున నుద్యోగము చేయుచున్నది. ఈ వేసవిలో దానును స్ట్రామ్‌నెస్ నుండి యట్టి పడవలో పోయివచ్చితినని తల్లికి వ్రాసినది. ఒక్కగానొక్క బిడ్డ, అక్కయ్య గుండె చెదరినది. "పిన్ని మాటయైన వినునేమో, నీవు మాన్పింపుము. ఆ చలినీళ్లలో, శవములున్నచోట దాని కేమి పని?" యని మాకు వ్రాసినది. మేము మానుమని వ్రాయక, ఎట్లు దిగుదురో తెలుపుమని వ్రాసితిమి. ఎనిమిది పుటల జాబు వచ్చినది.

చలి మాట. నడివేసవిలోను ఆ నీటి వేడిమి సుమారు 13 డిగ్రీలేయట. మన నూతినీ రంతకు రెండింతలు వెచ్చన! అందులకై లోపల దళసరి వెచ్చని బట్టలు తొడిగి, పైన నీరు చొరని డ్రైసూటు ధరింతురు. మెడకును మణికట్లకును బిగువైన రబ్బరుపట్టు లుండును. వీపున గాలి సిలిండరు. నడుమునకు సీసపు బరువులు.

గాలి లెక్క యిల్లాండ్రకు దెలియదగినది. పది మీటర్లు దిగునప్పటికి ఒత్తిడి పైదానికి రెండింత లగును, ముప్పది మీటర్లకు నాలుగింతలు. అందుచేత పైని గంటసేపు వచ్చు గాలి, ఆ లోతున పావుగంటలో దీఱిపోవును. రాక యొకటే యైనను వ్యయము నాలుగు రెట్లైన సంసారమన్నమాట! తిరుగు ప్రయాణమునకు వలసిన గాలిని ముందే తీసిపెట్టి, మిగిలినదే ఖర్చు చేయవలెను. మఱియు, లోతున రక్తములో గరగిన నత్రజని, త్వరపడి పైకి వచ్చినచో, గోలీసోడా కొట్టినప్పటివలె బుడగలు గట్టును. కీళ్లనొప్పులు, ఒక్కొక్కప్పుడు పక్షవాతము గూడ గలుగును. కావున మెల్లగా లేచి, నడుమ త్రాడు పట్టుకొని కొన్ని నిమిషములు నిలువవలెను.

ఇక నా దినము సంగతి. వారు పోయినది క్యోల్న్ అను క్రూయిజరునకు. అది సుమారు 35 మీటర్ల లోతున ప్రక్కకొరగి పడియున్నది. ఉదయము త్రాడు వెంట దిగుచుండగా, పిల్ల యెడమ మణికట్టు పట్టు గుండ నీరు చొచ్చి చేయి మొద్దువాఱినది. బొటనవ్రేలు పైకెత్తి చూపినది. మనకది "భేష్" అనుట. నీటిలో "పైకి పోదము" అనుట. జతగా దిగిన యేబదేండ్ల యామె, దూరమునుండి సొమ్మిచ్చి వచ్చినదయ్యును, ఓడ నీడయైన గానకయే వెంటనే తిరిగినది. పడవలో "ఏమి? ఎందుకు?" అని యొక్కరైన నడుగలేదట, వేడి సూపు చేతికిచ్చిరి. ఎవరు వ్రేలెత్తినను, కారణమడుగక జత తిరుగవలెననుట వారి కట్టుబాటు. మధ్యాహ్నము పట్టు సరిచేసికొని మరల దిగి, పచ్చని మసకలో నా యోడ ప్రక్కను, దానిపై మొలచిన సముద్రపుష్పములను జూచి వచ్చిరి.

మేము అక్కయ్యకు వ్రాసిన దిది. "నీటిలో భయము లేదని నేననను; ఏటేట ప్రాణములు పోవుచునేయున్నవి. కాని 'ఇంతమాత్రమునకేనా తిరిగివచ్చితివి?' అనువా రున్నచో, ఏ పిల్లయైనను రెండవమాఱు చేయి మొద్దువాఱినను దాచుకొని దిగును. అట్టి వారితో నీ బిడ్డ పోలేదు. శవముల మాటయందువా, 1919 లో బ్రిటిషువారితోడి ఘర్షణలో తొమ్మండుగురు జర్మనులు మడిసిరి. తక్కినవారు పడవలలో దిగిపోయిరి. 1939 అక్టోబరు 14 న 835 మందితో మునిగిన రాయల్ ఓక్ అను బ్రిటిషు నౌకయు నా రేవుననే యున్నది. దానిని సమాధిగా నెంచి, వేడుకకు దిగువారి నెవ్వరిని చేరనీయరు."

అక్కయ్య సమ్మతించితినని వ్రాయలేదు. మొన్న వచ్చిన కార్డులో మాత్రము, ఆ రబ్బరుపట్టు క్రొత్తది కొనినదో, పాతదే యతికించుకొనినదో కనుగొని వ్రాయుమన్నది.