రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఏకకాలంలో: భూ రికార్డుల పొందికకు పునాది

వ్యవసాయ భూమి చేతులు మారినప్పుడు మారవలసిన రికార్డు ఒక్కటి కాదు. దస్తావేజు నమోదు కావాలి, విక్రేత ఖాతాలో విస్తీర్ణం తగ్గాలి, కొనుగోలుదారు ఖాతాలో అంతే విస్తీర్ణం చేరాలి. గతంలో రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ వద్ద, మ్యుటేషన్ తహశీల్దారు వద్ద వేర్వేరుగా జరిగేవి. ఈ రెండింటి మధ్య వ్యవధిలో రెవెన్యూ రికార్డులో విక్రేత పేరే కొనసాగడంతో అదే భూమిని మరొకరికి విక్రయించడానికి ఆస్కారం ఉండేది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్ ఈ రెండు ప్రక్రియలను తహశీల్దారు కార్యాలయంలోనే జతపరచింది.

ఇటువంటి విధానంలో ఒకే దరఖాస్తు పలు డేటాబేస్ పట్టికలను మారుస్తుంది. ఆ మార్పులన్నింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌గా పరిగణించడం తప్పనిసరి. అన్నీ పూర్తయితేనే నమోదు స్థిరపడాలి. మధ్యలో అంతరాయం కలిగితే అన్నీ పూర్వస్థితికి రావాలి. లేనిచో విక్రేత ఖాతాలో తగ్గిన భూమి ఎవరి ఖాతాలోనూ కనిపించదు.

అయితే ఈ ఏర్పాటు పట్టికల మధ్య పొందికకే హామీ ఇస్తుంది, వివరాల యథార్థతకు కాదు. మూల రికార్డులోని తప్పు కూడా అన్ని పట్టికలకూ ఏకకాలంలో చేరుతుంది. అందుచేత సవరణ, అప్పీలు మార్గాలు అంతే ముఖ్యం. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూ భారతిలో చట్టబద్ధమైన అప్పీలు వ్యవస్థకు చోటు కల్పించబడింది.