ప్రొపేన్ తినే బ్యాక్టీరియా, గ్యాస్ జాడ

కృష్ణా–గోదావరి బేసిన్‌లో వేల అడుగుల లోతున ఉన్న చమురు, సహజవాయువు అక్కడే పూర్తిగా మూతపడి ఉండవు. రాతి పగుళ్ల గుండా మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ అతి స్వల్పంగా పైకి ఊరుతుంటాయి. పైమట్టిలో వాటిని తిని బతికే బ్యాక్టీరియా ఉంటుంది. దాన్ని లెక్కగట్టి నిక్షేపాల జాడ తీసే పద్ధతిని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఇక్కడా, కడప బేసిన్‌లోనూ పరీక్షించారు.

ఈ వాయువులన్నీ హైడ్రోకార్బన్లు, తేలిగ్గా లొంగే పదార్థాలు కావు. మీథేన్‌లో ఒక్క కార్బన్–హైడ్రోజన్ బంధం తెగాలంటే మోల్‌కు సుమారు 439 కిలోజౌళ్లు కావాలి. ఫ్యాక్టరీల్లో వందల డిగ్రీల వేడి మీద లొంగే ఆ బంధాన్ని బ్యాక్టీరియా మామూలు నేల వేడిమిలోనే తెంచగలగడం నిజంగా అబ్బురం. ఆ పని మోనోఆక్సిజనేజ్ అనే ఎంజైమ్‌ది. అది ఆక్సిజన్ అణువును చీల్చి ఒక పరమాణువును హైడ్రోకార్బన్‌లో చొప్పిస్తుంది, రెండోది నీరుగా మారుతుంది. మీథేన్‌ను పట్టే ఎంజైమ్‌లలో ఒక రకానికి జంట ఇనుము పరమాణువులు, కణపొరలో ఉండే రకానికి రాగి ఆధారం. ఈ తొలి మెట్టుకు కణమే శక్తి ఖర్చు పెట్టాలి. ఆపైన మీథేన్ మిథనాల్, ఫార్మాల్డిహైడ్, ఫార్మేట్‌గా మారి కార్బన్ డయాక్సైడ్ అయ్యేలోగా ఆ ఖర్చు లాభంతో తిరిగొస్తుంది. ప్రొపేన్ ముందు ప్రొపనాల్ అవుతుంది.

ఈ బ్యాక్టీరియాను లెక్కగట్టే పరీక్షలో మట్టిని నీటిలో పలచన చేసి, లవణాలు తప్ప ఏ తిండీ లేని అగార్ పళ్లేలపై పరుస్తారు. వాటిని గాజు డెసికేటర్‌లో పెట్టి ప్రొపేన్, గాలి నింపుతారు. కొన్నాళ్లకు మొలిచిన కాలనీలను లెక్కిస్తారు. గాలి మాత్రమే నింపిన పళ్లేలనూ పక్కన పెట్టి పోల్చాలి, ఎందుకంటే అగార్‌లోని మలినాలతోనే సరిపెట్టుకునే జీవులూ ఉంటాయి.

గోదావరి డెల్టాలో మీథేన్ లెక్కను నమ్ముకుంటే మోసపోతాం. నీళ్లు నిలిచిన వరిమడిలో ఆర్కియా అనే సూక్ష్మజీవులే మీథేన్ పుట్టిస్తాయి, దాన్ని తినేవీ అక్కడే పెరుగుతాయి. ప్రొపేన్, బ్యూటేన్‌లను మట్టిలోని జీవులు చెప్పుకోదగ్గంత తయారుచేయవు. అందుకే వాటిని తినే బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్నచోట అడుగున గ్యాస్ ఉందనే అనుమానానికి బలం వస్తుంది.

అయినా ఇది అనుమానమే. ప్రొపేన్ తినేవాటిలో చాలా జీవులు వేరే తిండితోనూ బతుకుతాయి, ఊరిన గ్యాస్ పగుళ్ల వెంట పక్కకూ జరుగుతుంది. మరోవైపు, నేలలోకి ప్రకంపనలు పంపి చేసే సీస్మిక్ సర్వే చూపేది రాతి మడతనే తప్ప అందులో ఏముందో ఖాయంగా చెప్పదు. బావి తవ్వకానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ మట్టి పరీక్ష చాలా చవక కాబట్టి సర్వేతోపాటే దీన్నీ చేయించాలి.