ఇంటి పైకప్పును గూర్చి

గడచిన మార్చి నెలలో మా తరగతియందు ఒక బాలుడు లెక్కల వేళ వరుసగా మూడు దినములు నిద్రపోయెను. మేము కోపించి బల్లపై నిలువబెట్టితిమి. నాలుగవనాడు తండ్రితో మాటాడుటకై సాయంకాలము వారి యింటికి పోతిమి. అది సిమెంటు రేకులు కప్పిన ఒంటిగది యిల్లు. ప్రొద్దు క్రుంకినను లోపల మంగలము దగ్గర నిలిచినట్లుండెను. "అర్ధరాత్రి దాటితే గాని బిడ్డలకు కన్ను మూతపడదు, మాస్టరుగారూ" అని తల్లి చెప్పెను. తప్పు బాలునిది కాదు, నెత్తిమీది రేకుదని మాకప్పుడు తెలిసినది. కావున ఈ సంచికలో ఇంటికప్పును గూర్చి మా యభిప్రాయమును వ్రాయుచున్నాము.

మన కృష్ణా, గుంటూరు మండలములలో మే మొదటి వారమున సూర్యుడు మధ్యాహ్నవేళ సరిగా నడినెత్తికి వచ్చును. ఎండ గోడలకు వాలుగా సోకును. కప్పుపై మాత్రము నిలువుగా బడును. కాంక్రీటు పలక పగలెల్ల ఆ వేడిని త్రాగి రాత్రి గదిలోనికి క్రక్కును. పంకా తిప్పినచో ఆ వేడిగాలియే మనపైకి దిగును. ఇది సుఖమునకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. 2015 మే నెలలోని వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వేయిమందికి పైగా మరణించిరి.

అయినను వేడిమికి మందేమని యడిగిన, కలవారు ఏ.సి. యంత్రమనియే చెప్పుదురు. వేడిని ఇంటిలోనికి రానిచ్చి, పిదప కరెంటు వెచ్చించి వెలికి నెట్టుట ఏమి పొదుపో మాకు బోధపడదు.

మన పెద్దలు యంత్రము నెరుగరు గాని కప్పు నెరుగుదురు. తాటాకు కప్పులో ఆకునకు ఆకునకు నడుమ గాలి చిక్కుకొని యుండును. కదలని గాలి వేడిని సాగనిచ్చుట కాంక్రీటులో ఇంచుమించు 60వ వంతు మాత్రమే. పెంకుటిండ్లలో అటక యుండెడిది. పెంకుల వేడి అటకపైననే చాలవరకు నిలిచిపోయెడిది. రాయలసీమ మిద్దెలపై మందముగా మట్టి పరచుదురు. చలిదేశములవారు అటకలో గాజునూలు పరచి లోపలి వెచ్చదనమును కాపాడుకొందురు. వెలుపలి వేడిని ఆపుటకు మనకును అదే సూత్రము. పాతయిండ్లను పొగడుట మా యుద్దేశము కాదు. తాటాకునకు నిప్పుభయము, మట్టిమిద్దెకు వానభయము కలవు. మేమును పలక క్రిందనే కాపురముండువారము. కాని పలక వేసికొన్న నాడు అటక చేసిన పనిని ఏల మరచితిమి?

కేంద్ర ప్రభుత్వము 2018లో వెలువరించిన ఎకో నివాస్ సంహిత ఈ సంగతిని మరువలేదు. ఇంటికప్పున చదరపు మీటరు గుండా, లోపలికిని వెలుపలికిని గల ఒక్కొక్క డిగ్రీ భేదమునకు, 1.2 వాట్లకు మించి వేడి సాగరాదని అందు నియమము. ఒట్టి పలక గుండా దీనికి రమారమి మూడింతలు సాగును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. క్రొత్తగా కట్టుకొనువారు పలకపై నురుగుపలకలు పరచి, దానిపై గచ్చు చేయించుట మేలు. మట్టికుండలు బోర్లించి పైన గచ్చు చేయుటయు కలదు. అందును పని చేయునది చిక్కిన గాలియే. థర్మాకోలును గదిలోపల ఊరక అంటించుటకు మాత్రము మేము సమ్మతింపము; అది నిప్పునకు త్వరగా లోబడును.

అన్నిటికంటె చవుక తెల్లసున్నము. అది వేడిని ఆపదు, ఎండను త్రిప్పికొట్టును. వానకు కరగును గనుక ఏటేట ఫిబ్రవరిలో వేయవలెను. మేము అద్దెయింట నున్నాము. సున్నము మాట యెత్తగా యజమాని, "కరెంటు బిల్లు మీరు కట్టుకొందురు గదా, నాకేమి లాభము?" అనెను. కప్పు తమదే గదా యని మేమంటిమి. రెండు వేసవులు ఈ వాదముతోనే గడచినవి. మూడవ యేట మేమే వేయించితిమి. రాత్రులు కొంత నిద్రపట్టినది. కాని కప్పు ఖర్చు యజమానిదే యని మేము నేటికిని అందుము. ఈ పత్రికను చదువు తల్లిదండ్రులలో ఇండ్లు అద్దెకిచ్చినవారు లేకపోరు.

ఆ బాలుని తండ్రి రేకులపై సున్నము పూసి, వాటి క్రింద జానెడు ఎడముగా తాటాకు చాపలు కట్టెను. పొయ్యి వసారాలోనికి మార్చిరి. బాలుడు ఇప్పుడును అప్పుడప్పుడు కునుకుచున్నాడు గాని, అందుకు కారణము మా పాఠమే కావచ్చును.