గేటు మనది, రోడ్డు కాదు

హైదరాబాద్‌లో ఏ కాలనీకైనా రాత్రి తొమ్మిది దాటాక వెళ్లి చూడండి. ఇళ్ల ముందు రోడ్డు మీద రాళ్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, పాత టైర్లు, సిమెంటు నింపిన పెయింటు డబ్బాలు కనిపిస్తాయి. అవి చెత్త కాదండోయ్, రిజర్వేషన్లు! బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టన్నమాట. కొన్ని గేట్లకైతే ఏకంగా బోర్డే ఉంటుంది: 'ఇక్కడ బండి పెడితే గాలి తీయబడును'.

ముందు లెక్క చూద్దాం. మా వీధి పేరుకు 30 అడుగులది. రెండు వైపులా ఇళ్ల ర్యాంపులు, మెట్లు చెరో మూడడుగులు రోడ్డు మీదకొచ్చాయి. మిగిలింది 24. చిన్న కారైనా అద్దాలతో కలిపితే దాదాపు ఆరడుగుల వెడల్పు. రెండు వైపులా పెడితే ఇంకో 12 పోయినట్టే. స్కూలు బస్సు, నీళ్ల ట్యాంకరు, చెత్త ఆటో, అంబులెన్సు అన్నీ మిగిలిన ఆ 12 అడుగుల్లోనే తిరగాలి. ఎవరైనా కాస్త వంకరగా పెట్టారా, అంతే సంగతులు.

మరి బిల్డింగుల కింద పార్కింగ్ ఏమైంది అంటారా? ప్లానులో పార్కింగ్ అని చూపించిన చోట చాలాచోట్ల కిరాణా కొట్టో, అద్దె గదో వెలిసింది. ఇక నాలాంటి అద్దెవాళ్లకు ఓనర్లు చెప్పే మాట ఒకటే: "బైకు ఒక్కటే లోపల, కారు బయట పెట్టుకోండి." ఆ బయట అనేది ఎవరి గోడ పక్కనో మాత్రం చెప్పరు.

చట్టం ఏమంటుందో చాలామందికి సగమే తెలుసు. ఇంటి ముందు రోడ్డు ఇంటివాళ్లది కాదు. గోడ పక్కన ఎవరో కారు పెట్టినంత మాత్రాన అది మన ఆస్తి మీద దాడి కాదు. కానీ గేటుకు అడ్డంగా పెట్టడం తప్పే. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు, ఫుట్‌పాత్ మీద పెట్టడాన్నీ ఒప్పుకోవు. అలాగని రోడ్డు మీద పెట్టుకోవడం మన జన్మహక్కూ కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, బహిరంగ స్థలంలో పది గంటలో, అంతకంటే ఎక్కువో వదిలేసిన బండిని పోలీసులు టో చేయించవచ్చు. ఇక కోపంతో తాళంచెవి పెట్టి కారు మీద గీత గీస్తే, భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద కేసు మన మీదకే వస్తుంది.

ఇంత చట్టం ఉన్నా, మా వీధి గొడవ దాంతో తేలలేదు. ఎదురింట్లో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారుంటారు. మా బిల్డింగ్ రెండో ఫ్లోర్ కుర్రాళ్లు తమ కారును మా గోడ పక్కనే పెట్టేవారు. ఆయన గేటుకు అడ్డమేం లేదు. అయినా పొద్దున్నే అరుపులు. "కిరాయికొచ్చినోళ్లకు రోడ్డు మీద ఏం హక్కు?" అని ఆయన, "రోడ్డు మీ తాతగారిదా?" అని వీళ్లు. ఒకరోజు కారు టైర్లో గాలి లేదు. ఆ ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులోకెక్కింది. కానిస్టేబుల్ గారొచ్చి, మీరూ మీరూ మాట్లాడుకోండని చెప్పి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఉన్న మాటలు కూడా ఆగిపోయాయి.

ఒక ఆదివారం పదకొండింటికి, వీధిలో ఏ కారూ లేనప్పుడు, నేనొక్కణ్నే వెళ్లి అడిగాను. "అంకుల్, అసలు మీకు ఏ టైములో ఇబ్బందవుతోంది?"

"మంగళ, గురు, శనివారాలు. పొద్దున ఆరింటికి మా ఆవిణ్ని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. ఎదురుగా కారుంటే నా బండి తిరగదు బాబూ. ముందుకీ వెనక్కీ పదిసార్లు తిప్పాలి. నాకా మెడ నొప్పి."

"ఈ మాట వాళ్లకు చెప్పొచ్చు కదా అంకుల్?"

"ఎవరడిగారు? పెళ్లాం జబ్బు సంగతి వీధిలో నిలబడి అరవమంటావా?"

చట్టానికి గేటు తెలుసు, డయాలసిస్ తెలియదు. అది ఇరుగుపొరుగు అడిగి తెలుసుకోవాల్సిందే. కుర్రాళ్లకు చెబితే ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ మూడు రోజులూ పొద్దున ఏడింటిదాకా అక్కడ ఎవరూ పెట్టరు. అలాగని అంతా సుఖాంతం అనుకోకండి. ఆయన గోడ పక్కన రాయి ఇంకా అలాగే ఉంది. పక్క మూడిళ్ల డబ్బాలూ కదల్లేదు.

నాకు అర్థమైనవి నాలుగు మాటలు చెబుతాను. కారు అడ్డంగా ఉన్నప్పుడు గొడవపడొద్దు, లేనప్పుడు వెళ్లి మాట్లాడండి. 'ఎందుకు పెట్టొద్దు' అనే బదులు 'ఎప్పుడు పెట్టొద్దు' అని అడగండి. డ్యాష్‌బోర్డు మీద ఫోన్ నంబరు రాసిన కార్డు ఉంచండి, గ్రూపులో ఫొటోలు పెట్టకండి. గేటుకు అడ్డంగా పెట్టినవాళ్లు ఎంతకీ రాకపోతే, గాలి తీయకుండా ఫొటో తీసుకుని 112కి ఫోన్ చేయండి. అద్దెకు దిగేవాళ్లయితే పార్కింగ్ ఎక్కడో అగ్రిమెంటులోనే రాయించుకోండి.

జపాన్‌లో 1962లోనే ఓ చట్టం తెచ్చారు. దాని ప్రకారం చాలా ప్రాంతాల్లో కారు రిజిస్టర్ కావాలంటే, దాన్ని పెట్టుకునే చోటుందని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన షోరూముల్లో ఈఎంఐ ఎంత, మైలేజీ ఎంత అని మాట్లాడతారు తప్ప, రాత్రి ఎక్కడ పెడతారని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి. జవాబు 'వీధిలో' అయితే మాత్రం, బుకింగ్ డబ్బులు కట్టేముందే ఎదురింటివాళ్లను పరిచయం చేసుకోండి.