‘చెప్తే చేస్తా కదా’

పిల్లల పుట్టినరోజుల మీద మన దగ్గర రెండే రకాల అభిప్రాయాలు దొరుకుతాయి. ఒకటి పెద్దవాళ్లది. దీపం వెలిగించాల్సిన రోజు కొవ్వొత్తులు ఊదుడేంది, ఈ కేకులేంది అని ఏటా వాట్సాప్‌లో వచ్చేది. ఇంకోటి ఇన్‌స్టాగ్రామ్‌ది. బెలూన్ల తోరణం, థీమ్, ఫోటోలకు ఒక స్టేజీ, పిల్లకి నేలమీద జీరాడే గౌను. ఈ రెండింటిలోనూ ఒక మనిషి కనపడదు: పొద్దున డ్యూటీకి పోయి సాయంత్రం పార్టీ చేయాల్సిన తల్లి. నా గొడవంతా ఆమె గురించే.

నువ్వు థర్డ్ ఇయర్, నీకు పెళ్లా పిల్లలా, నీకేం తెలుసు అంటారా? నాకు తెలిసింది ఇంతే. మా అక్కవాళ్లు ఉప్పుగూడలో ఉంటారు. నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకుంటున్నా. మేనకోడలికి ఈ ఆగస్టుకి ఆరేళ్లు నిండుతాయి. గత నాలుగు పుట్టినరోజులకీ బెలూన్లు ఊదింది నేనే. మేనమామ అంటే పుట్టువెంట్రుకల రోజు పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకునే గౌరవం అనుకున్నా. గౌరవంతో పాటు గాలి పంపు కూడా ఇస్తారు.

అక్క మలక్‌పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. బావ హైటెక్ సిటీలో ఐటీ. ఇద్దరిదీ ఎంఎంటీఎస్ బతుకే. అక్క యాకుత్‌పురా, డబీర్‌పురా దాటితే దిగిపోతుంది. బావ మాత్రం సికింద్రాబాద్ చుట్టూ తిరిగి అటు పోవాలి. ఇంత దూరం పోయొచ్చే మనుషులకి ఒక పిల్ల పుట్టినరోజు ఎంత పని అవుతుందో చూద్దామని పోయినేడు ఒక కాగితం తీసుకున్నా.

మన సిలబస్‌లో సీపీఎం, పెర్ట్ అని ఒక యూనిట్ ఉంటుంది కదా. సీపీఎం 1957లో డ్యూపాంట్ కంపెనీలో, ఫ్యాక్టరీ పనుల కోసం పుట్టింది. ఆ మరుసటి ఏడు అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ తయారు చేసుకుంది. క్షిపణికి పనికొచ్చింది బర్త్‌డేకి పనికిరాదా అని నెట్‌వర్క్ డయాగ్రం గీశా. 26 పనులు తేలాయి. ఇల్లు సర్దడం నుంచి, పక్కింటి నుంచి కుర్చీలు తేవడం, కేక్ మీద పేరు స్పెల్లింగ్ చెప్పడం, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఏం నడుస్తుందో చూసుకోవడం దాకా.

అందరూ కంగారుపడేది కేక్ గురించి. నిజానికి కేక్‌కి బోలెడంత ఫ్లోట్ ఉంది. అంటే అది ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టు ఆగదు. పాతబస్తీలో రెండు సందులకో బేకరీ. సాయంత్రం పార్టీకి మధ్యాహ్నం పోయి చెప్పినా ఏదో ఒకటి చేసిస్తారు. డెకరేషనూ అంతే. మరి క్రిటికల్ పాత్ ఎటు పోయింది? ఆసుపత్రి డ్యూటీ రోస్టర్ మీదుగా పోయింది. రోస్టర్ ముందు నెల చివర్లోగాని వేయరు. అక్కకి ఆ రోజు పొద్దున షిఫ్టా, మధ్యాహ్నం షిఫ్టా తెలియదు. అది తెలిస్తేగాని ఎవరితో మార్చుకోవాలో తెలియదు. మార్చుకునే మనిషి ఒప్పుకుంటేగాని తారీఖు ఖరారు కాదు. తారీఖు లేకుండా పిలుపులు లేవు, పిలుపులు లేకుండా లెక్క లేదు, లెక్క లేకుండా వంట చెప్పలేం. పార్టీ మొత్తం ఎవరో ఒక సూపర్‌వైజర్ సంతకం దగ్గర ఆగి ఉంటుంది. పోయినేడు ఆ ఒక్క సాయంత్రం కోసం అక్క ఎవరివో రెండు నైట్ డ్యూటీలు చేసి అప్పు తీర్చింది. పిల్ల పుట్టినరోజు ఫోటోల్లో అక్క కళ్లు చూస్తే ఆ రెండు రాత్రులూ కనపడతాయి.

ఇక పనులు ఎవరు చేశారో పక్కన పేర్లు రాశా. అక్కవి 11, బావవి 9, నావి 6. చూడ్డానికి బాగానే ఉంది. బావ కూడా చూసి సంతోషపడ్డాడు. కానీ నా డయాగ్రంలో 27వ పనికి చోటే లేదు. ఆ 26 పనులూ గుర్తుపెట్టుకోవడం అనే పని. అది మూడు వారాలు, రోజంతా, రక్తం శాంపిళ్లు తీస్తూ కూడా అక్క ఒక్కతే చేసింది. బావ ఏమంటాడు? “నువ్వు చెప్తే చేస్తా కదనే.” నిజమే, చెప్తే చేస్తాడు. మంచి మనిషి, ఏ పనికీ మొహం ముడవడు. కానీ ఇదే మనిషి ఆఫీసులో పది మంది టీముకి పని పంచుతాడు. అక్కడ ఎవరైనా జూనియర్ “మీరు చెప్తే చేస్తా కదా సార్” అని ఏడాదంతా కూర్చుంటే అప్రైజల్‌లో ‘ఓనర్‌షిప్ లేదు’ అని రాస్తాడు. ఈ మాట నేను బావతోనే అన్నా. నవ్వాడు, కానీ కొంచెంసేపే.

నా అభిప్రాయం సూటిగా ఇదీ. తీరిక లేని తల్లిదండ్రులు అని మనం బహువచనంలో అంటాం గానీ, తీరిక లేకపోవడంలో కూడా వాటాలు సమానంగా లేవు. పార్టీ చిన్నదా పెద్దదా అనేది తర్వాతి మాట. దాన్ని తల్లో పెట్టుకుని మోసేది ఎవరన్నది ముందు తేలాలి.

మోయడం ఎంత బరువో పాతబస్తీలో మెనూ దగ్గర తెలుస్తుంది. వేరే ఏరియాలో ఫోన్‌లో బిర్యానీ ఆర్డరిచ్చి ఊరుకోవచ్చేమో. మా దగ్గర మెనూ అంటే రాజ్యాంగం రాయడమే. పిల్ల క్లాసులో, మా సందులో కలిపి చూస్తే, ముస్లిం పిల్లలకి హలాల్ కావాలి. జైనుల పిల్లలకి గుడ్డు పడదు కాబట్టి కేక్ ఎగ్‌లెస్. ఆ ఇళ్లలో కొందరు ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ కూడా ముట్టరు కాబట్టి అందరూ సేఫ్ అనుకునే సమోసా కూడా సేఫ్ కాదు. మా కింది పోర్షన్ వాళ్లకి మంగళవారం, శనివారం నీచు లేదు. పిల్ల పుట్టింది ఆగస్టులో, అంటే ఎక్కువసార్లు శ్రావణం. కాబట్టి మా ఇంట్లోనే మాంసం లేదు. ఇవన్నీ ఏ చార్టులోనూ ఉండవు, అక్క తలలో ఉంటాయి. ఏ పిల్లకి ఏది పెట్టకూడదో తప్పకుండా గుర్తుపెట్టుకోవడం ఈ బస్తీలో మర్యాద కన్నా పెద్ద విషయం. ఒక్కసారి పొరపాటు జరిగితే ఆ పిల్లని మళ్లీ పంపరు. చివరికి అక్క తేల్చింది: వెజ్ పులావ్, ఖుబానీ కా మీఠా, పండ్లు. జైనుల పిల్లలకి విడిగా డబ్బాలో ధోక్లా. అందరూ తిన్నారు. నన్నడిగితే ఈ మెనూ చేసిన మనిషికి ఏదైనా యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వాలి.

క్యాలెండర్ కథ ఇంకోటి. ఇంగ్లీషు తేదీ ఒకటి. అమ్మ మాత్రం తిథి ప్రకారమే తలంటు పోయాలంటుంది, అంటే రెండో తేదీ. పిలవాల్సిన వాళ్లలో సగం మందికి హిజ్రీ క్యాలెండర్. అది ఏటా సుమారు 11 రోజులు ముందే వచ్చేస్తుంది. ఈ ఏడు ఖాళీగా ఉన్న రోజు ఇంకో ఏడు రోజా ఉండే రోజు కావొచ్చు. మొహర్రం పదో నాడు బీబీ కా అలం ఊరేగింపు డబీర్‌పురా నుంచి బయల్దేరితే ఆ రోడ్లు బందు. లాల్ దర్వాజా బోనాల ఆదివారం మా ఇంటికి ఆటో రాదు. గణేశ్ నిమజ్జనం సంగతి చెప్పక్కర్లేదు. (మధ్యలో ఒక మాట: తిథి, తేదీ మళ్లీ దాదాపు ఒకే రోజున కలిసేది 19 ఏళ్లకి. 19 సూర్య సంవత్సరాలు 235 చాంద్రమాసాలకి ఇంచుమించు సమానం. మనలో చాలామంది ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నాం. హాస్టల్లో కేక్ మొహానికి పూసుకునే ముందు పంచాంగం చూడండి, సరదాగా ఉంటుంది.)

ఇంట్లో చేయలేకపోతే బయటికి తీసుకుపోవచ్చు కదా అంటారు. తీసుకుపోవచ్చు. బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్క్ ఉంది, 1963 నుంచి ఈ ఊరి పిల్లలందరి పుట్టినరోజులూ దానికి తెలుసు. కానీ అక్కకి వీక్లీ ఆఫ్ సోమవారం. జూకి కూడా సోమవారమే సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి అది కుదిరింది. ఒకసారి పోయాం. గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర పిల్ల నోరు తెరిచి నిలబడింది. మళ్లీ గంట దాకా కదలనంది. టికెట్ల ఖర్చు తప్ప ఆ రోజు పెద్ద ఖర్చే కాలేదు, అక్క కూడా కాసేపు కూర్చోగలిగింది.

ఇక సంస్కృతి వాదనకి వస్తే, దాని మీద ఎక్కువ టైం పెట్టను. కేక్ బయటిది, నిజమే. ఆ పాట బాణీ 1893లో అమెరికాలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు కిండర్‌గార్టెన్ పిల్లలకి గుడ్ మార్నింగ్ చెప్పడానికి కట్టింది. దాని హక్కులు మావే అని ఒక కంపెనీ చాలాకాలం డబ్బులు వసూలు చేసింది. 2015లో అక్కడి కోర్టు ఆ హక్కు చెల్లదంది. సరే. కానీ పుట్టినరోజు చేసుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. సాల్‌గిరా అంటే ఏటి ముడి. ఏడాదికొక ముడి చొప్పున దారానికి వేసి వయసు లెక్కపెట్టే ఆచారం నుంచి వచ్చిన మాట. నిజాంల సాల్‌గిరాలు ఈ వీధుల్లో పండగల్లా జరిగాయి. మన ఇళ్లలో నలుగు, తలంటు, కొత్త బట్టలు, హారతి, పాయసం ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే పాయసం కాచినా కేక్ కోసినా, పొద్దున్నే లేచేది ఎవరన్న ప్రశ్న మారలేదు. అందుకే ‘మన పద్ధతి’లో చేసుకోమనే సలహా అక్కకి ఏమీ తగ్గించదు. రెండు పద్ధతులూ కలిపి చేయమన్నట్టే అవుతుంది, చేస్తోంది కూడా.

నాకు నిజంగా కోపం ఉన్నది గిఫ్టుల మీద. పోయినేడు మేనకోడలు పదేపదే అడిగిన పేరు ఒక్కటే, మా సందు చివరింటి పాప. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు, నలుగురు పిల్లలు. పిలిచాం. రాలేదు. జ్వరమేమో అనుకున్నాం. వారం తర్వాత మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే ఆ పాప తల్లి అక్కతో అంది: “ఖాలీ హాత్ కైసా భేజూ, తుమీచ్ బోలో.” ఉత్త చేతుల్తో ఎట్లా పంపను, నువ్వే చెప్పు అని. అక్క కిందికి వచ్చి చాలాసేపు ఏం మాట్లాడలేదు. మేం బేగంబజార్ నుంచి 25 రిటర్న్ గిఫ్టులు తెచ్చి రంగు కాగితాల్లో చుట్టాం. అవి చుట్టడానికే నాకు అర్ధరాత్రి అయింది. పిల్ల కోరిన ఒక్క స్నేహితురాలు మాత్రం సందు చివర తలుపు వెనకాల ఉండిపోయింది. గిఫ్టు, దానికి బదులు గిఫ్టు, రేపు వాళ్లింట్లో ఫంక్షన్‌కి మళ్లీ మనం. ఇది చిట్టీ లాగా తిరుగుతుంటుంది, చిట్టీ కట్టలేనివాళ్లు ముందే తప్పుకుంటారు. మనం అదేదో వాళ్ల మొహమాటం అనుకుంటాం.

పెళ్లి పత్రికల్లో ‘బహుమతులు స్వీకరించబడవు’ అని వేస్తారు, చదివినవాళ్లు కవరు పట్టుకునే వస్తారు. కాబట్టి కార్డు మీద రాస్తే చాలదు. తల్లులతో నోటితో చెప్పాలి, తెచ్చినవాళ్లది నవ్వుతూ తిరిగిచ్చేయాలి, మనమూ రిటర్న్ గిఫ్టులు ఆపేయాలి. మూడోది చేయకపోతే మొదటి రెండూ నాటకమే.

పార్టీ బదులు అనాథాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం మంచిది అనే మిత్రులున్నారు. పెట్టించండి, తప్పకుండా. కానీ అక్కడి పిల్లల్ని వరసగా నిలబెట్టి మన పిల్ల కేక్ కోస్తుంటే చప్పట్లు కొట్టించి ఫోటో తీయకండి. ఆ చప్పట్లు కొట్టే పిల్లల్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో మనం ఎప్పుడైనా అడిగామా?

డబ్బులున్నవాళ్లు ఈవెంట్ వాళ్లకి ఇచ్చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. బెలూన్లు కట్టే కుర్రాళ్లలో మా బస్తీవాళ్లే ఉన్నారు, సీజన్‌లో వాళ్లకదే ఫీజు డబ్బు. ఇంట్లో చేస్తేనే ప్రేమ అనే మాటని మాత్రం ఒప్పుకోను. రెండు నైట్ డ్యూటీలు చేసొచ్చిన మనిషిని స్టవ్ దగ్గర నిలబెట్టి దాన్ని ప్రేమ అంటే ఎట్లా?

ఈ ఆగస్టు సంగతి మొన్న ఆదివారం కూర్చుని మాట్లాడుకున్నాం. సాయంత్రం 4 నుంచి 6, మిద్దె మీద, పన్నెండు మంది పిల్లలు. స్టేజీ లేదు, గిఫ్టులు లేవు, రిటర్న్ గిఫ్టులు లేవు. సందు చివరింటికి అక్క ముందే పోయి చెప్పొచ్చింది. అక్క పనులు రెండే: షిఫ్టు మార్చుకోవడం, ఆ రోజు రావడం. మెనూ రాజ్యాంగం మొత్తం అక్క దగ్గర కూర్చుని బావ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. గుర్తుపెట్టుకునే డ్యూటీ ఈసారి బావది. నిన్న రాత్రి పన్నెండింటికి లేచి, “ధోక్లా ముందు రోజు చెప్పాలా, అదే రోజు దొరుకుతుందా?” అని అక్కని లేపాడట. అక్క “నోట్‌బుక్‌లో చూసుకో” అని అటు తిరిగి పడుకుంది.

పేపర్ ప్లేట్లకి, బెలూన్లకి బేగంబజార్ మాత్రం మళ్లీ నేనే పోవాలట.