సైకిలుకూ ఒక పిట్టగోడ



తెల్లవారుజామున దురాజ్‌పల్లి దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే మీద నిలబడితే మనవాళ్ళే కనబడతారు. హ్యాండిల్‌కు సద్ది డబ్బా, పక్కనుంచి దూసుకెళ్ళే లారీలు. డివైడర్ సందు దూరమని రాంగ్ రూట్‌లో ఎదురెళ్ళేది కూడా మనమే. అడిగితే "దేవుడే చూసుకుంటాడు" అంటాం.

ఆ మాట మంచిదే. కానీ ద్వితీయోపదేశకాండము 22:8 చదవండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడే ఆజ్ఞాపించాడు. కాపాడే దేవుడే గోడ కట్టమన్నాడంటే, జాగ్రత్తపడడం అవిశ్వాసం కాదు, విధేయత. దేవాలయ శిఖరం నుంచి దూకమని అపవాది శోధించినప్పుడు యేసయ్య దూకలేదు కదా!

కాబట్టి సైకిలు వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ అంటిద్దాం, ఎడమ పక్కనే పోదాం.

ఇంకొక సంగతి. ఆ ఆజ్ఞ పడిపోయేవాడికి కాదు, ఇంటి యజమానికి. బండ్లు, కార్లు ఉన్న మనం హారన్ కొట్టి సైకిలాయనను మట్టిలోకి దించకూడదు. ఎవరైనా పడితే ఆగాలి. కేసులకు భయపడొద్దు, సాయం చేసినవారిని కాపాడేందుకు 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు.

సంఘం కూడా ఒక ఇల్లే. చీకటి పడేదాకా కూడిక పెట్టి, ముసలి పెద్దలను సైకిళ్ళ మీద ఆ రోడ్డుకు పంపి, "దేవుడు తోడుండునుగాక" అనడం న్యాయమా? ఆదివారం సాయంత్రపు ఆరాధన ఇకనుంచి పొద్దుగూకక ముందే ముగిద్దాం. అదే మన పిట్టగోడ. ఆమేన్.