వంగలేని వాని విన్నపము

జిల్లా కలెక్టరు గారికి,

అయ్యా,

ఫ్లోరైడు నీరు త్రాగి మోకాళ్లు కొయ్యబారిన ఈ పశ్చిమ ప్రకాశపు వృద్ధులలో నొకడనగు నాకు, కారు నడుపుట నేటికిని సాధ్యమే గాని, మార్కాపురము నుండి గిద్దలూరు మీదుగా నంద్యాలకు నల్లమల కనుమదారిని బోవుటకు పూర్వము, నేలకు జానెడెత్తున దుమ్ముపట్టియున్న టైరు వాల్వు మూత విప్పుట గగనమగుచున్నది. మొన్న నొక పెట్రోలు బంకులో చేతికర్రతో టైరును తట్టి చూపగా, అచ్చటి కుర్రవాడు కూర్చున్నచోటు నుండియే, "గాలి బాగానే ఉంది పెద్దాయనా" అని తీర్పు చెప్పెను. (వాని కన్ను మీటరే యైనచో ధన్యుడను!) బంకులలో గాలి ఉచితమని నిబంధన గలదు. వంగిననే గాని యందని యా యుచితము మా బోంట్ల కేల? కావున వృద్ధులను కారు దింపకయే, స్టెప్నీతో సహా గాలి కొలిచి, అంకెను బిగ్గరగా చదివి వినిపింపవలెనని బంకులవారికి ఉత్తరువు లిప్పింప ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
మార్కాపురవాసి